మాచునూరు రేడియో

ఆకాశ మెవరి సొత్తు? ఈ ప్రశ్న వినుటకు వింతగా దోచును. కాని మన దేశపు సర్వోన్నత న్యాయస్థానమే యొకప్పుడు దీనిని విచారింపవలసి వచ్చెను. ధ్వనులను మోసికొనిపోవు ప్రసార తరంగములు ప్రజల యాస్తియనియు, వానిని ప్రజల మేలునకే వినియోగింపవలెననియు 1995వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఫలము తెలుగునాట నొక చిన్న పల్లెకు చేరిన కథ యిది.

రేడియో మన పల్లెలకు క్రొత్తది కాదు. చెన్నపట్టణమున 1938లోను, విజయవాడలో 1948లోను నెలకొన్న ఆకాశవాణి కేంద్రములు తెలుగువారికి సంగీతమును, నాటకమును, వార్తలను, సేద్యపు సలహాలను అందించినవి. ఆ మేలు మరువరానిది. అయినను ఒక కొఱత మిగిలియుండెను. పట్టణమున కూర్చున్నవారు పలుకుదురు, పల్లెవారు వినుదురు. పల్లెవారు పలుకగా వినువా రెవరు?

తెలంగాణమున జహీరాబాదు ప్రాంతము మెట్టభూముల సీమ. ఒకప్పుడు మెదకు జిల్లాలోనిదైన ఈ ప్రాంతము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. ఇచ్చటి పల్లెలలో దక్కను డెవలప్‌మెంటు సొసైటీ తోడ్పాటుతో పేద స్త్రీలు సంఘములుగా నేర్పడిరి. వారిలో పెక్కుమంది దళిత కుటుంబములవారు. జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది మొదలగు పెక్కు పంటలను ఒకే చేనిలో కలిపి పండించు నేర్పు వారికి కలదు. ఏ విత్తనము నెట్లు దాచవలెనో, ఏ నేలకు ఏ పంట తగునో వారెఱుగుదురు. కాని వారిలో ననేకులకు అక్షరములు రావు. వారి విద్య యంతయు నోటనే యున్నది. ఒక వృద్ధురాలు కన్నుమూసినచో, ఆమెతోపాటు ఒక గ్రంథము నశించినట్లే. అట్టివారికి పుస్తకముకంటె రేడియో తగిన సాధనము.

1990వ దశకమున యునెస్కో సాయముతో మాచునూరు గ్రామమున స్టూడియో ఏర్పడినది. అయితే ప్రసారమునకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను; అది లభింపలేదు. స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తమ మాటలను, పాటలను టేపులపై నెక్కించి, ఆ క్యాసెట్లను ఊరూరికి గొనిపోయి, సంఘపు సమావేశములలో వినిపించిరి. ఇట్లు ఏండ్లు గడచినవి. 2002లో ప్రభుత్వము విద్యాసంస్థలకు మాత్రము రేడియో నడుపుటకు అనుమతించెను. 2006లో ఆ అవకాశము స్వచ్ఛంద సంస్థలకును లభించెను. తుదకు 2008 అక్టోబరు 15వ తేదీన మాచునూరు సంఘం రేడియో ఆకాశమార్గమున పలికినది. దానిని ప్రారంభించినవారు, 1995నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో నొకరైన పి.బి. సావంత్ గారు!

ఈ కేంద్రపు సంఖ్య 90.4. అనగా దాని తరంగములు సెకనునకు 9 కోట్ల 4 లక్షల మారులు స్పందించునని యర్థము. ఇంత సూక్ష్మమైన యంత్రములను నడుపుట నేర్చినవారు ఆ పల్లెల యువతులే. వారు రికార్డరు చేతబట్టి పొలముగట్లకు, జాతరలకు, ఇండ్ల ముంగిళ్లకు పోయి, విత్తనముల సంగతులను, మూలికావైద్యమును, పండుగపాటలను సేకరించిరి. కన్నడ, ఉర్దూ పదములు కలిసిన ఆ ప్రాంతపు తెలుగే అందు వినిపించెను. తమ యాసను నలుగురిలో పలుకుటకు జంకిన స్త్రీలు, అదే యాసను రేడియోలో విన్నపుడు తలయెత్తుకొనిరి.

ఇట్టి రేడియోలకు హద్దులును కలవు. వాని ప్రసారశక్తి సామాన్యముగా 100 వాట్లకు మించరాదు. కార్యక్రమములలో సగమైనను స్థానికముగా తయారుకావలెను. రాజకీయ వార్తలను సొంతముగా చెప్పరాదు. కాని చిన్న హద్దులో నొక పెద్ద గుణమున్నది. వినువారికి పలుకువారు పరిచితులు. నేడు రేడియోలో తప్పు చెప్పినవారిని రేపు చేనివద్దనే నిలిపి యడుగవచ్చును. కావున పలుకువారు తెలిసిన మాటనే పలుకుదురు.

విద్య యనగా అక్షరము మాత్రమే కాదు, అనుభవమును విద్యయే. దానిని పలుకుటకు నోరు, వినుటకు చెవి రెండును కావలెను. మాచునూరు స్త్రీలు తమ నోటికి చోటు సంపాదించుకొనిరి. ఇంటిలోని అవ్వ చెప్పు మాటలకు చెవియొగ్గుట బాలబాలికల వంతు.