బొటనవేలి బద్ధకం

చెల్లీ, మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను నాలుగు రోజులుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు. "ఎఫ్ కార్డ్ నా వల్ల కావట్లేదక్కా, గిటార్ అటకెక్కించేస్తా" అన్నావు. ఎక్కిస్తే ఎక్కించావు గానీ నిచ్చెన మాత్రం తియ్యకు.

ఎఫ్ దగ్గర ఏడవని వాళ్ళు ఎవరున్నారు చెప్పు? చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కాలి, మిగతా మూడు వేళ్ళూ వాటి వాటి చోట్ల సర్దుకోవాలి. మొదటి మెట్టు దగ్గర తీగ బిగువుగా ఉంటుంది, ఓ పట్టాన లొంగదు. మొదట్లో నాకు ఆరింటిలో రెండే పలికేవి. తక్కినవి తడిసిన టపాకాయలే. ప్రస్తుతానికి లావు తీగలు రెండూ వదిలెయ్. చూపుడువేలితో సన్న తీగలు రెండే నొక్కి, ఆ వైపు నాలుగు తీగలే మీటు. అదీ ఎఫ్ కార్డే, ఎవరూ దొంగ కార్డ్ అనరు.

నా గొడవ ఎఫ్‌తో కాదు, బొటనవేలితో. చిన్నప్పుడు ఆ బొబ్బిలి వీణ మీద ఇద్దరం వంతులేసుకుని కూర్చునేవాళ్ళం, గుర్తుందా? నువ్వు గీతాల దగ్గర చాలించావు, నేను వర్ణాల దాకా ఈడ్చుకొచ్చాను. వీణలో మీటేది చూపుడువేలూ నడిమివేలూ, తాళం తీగలకి చిటికెనవేలు. బొటనవేలికి పనే లేదు. గిటార్లో వేళ్ళతో వాయించేటప్పుడు మటుకు ఇంటి భారమంతా దాని మీదే. లావు తీగల మీద అది గడియారంలా నడుస్తూ ఉండాలి, పైన వేళ్ళు పాట పలికించాలి. నా బొటనవేలు పాట ఎటు పోతే అటు వెంటబడి పోయేది. నలభై ఏళ్ళు కూర్చుని తిన్న వేలు మరి!

ఆ విసుగులో ఉన్నప్పుడే ఎలిజబెత్ కాటెన్ వాయించడం చూశాను. అమెరికాలో ఉత్తర కరోలినా నల్లజాతి ఇంటి పిల్ల, ఎడమచేతి వాటం. అన్న పనికి వెళ్ళగానే అతని బాంజో తీసి దొంగచాటుగా వాయించుకునేదట. చిన్నతనంలోనే ఇళ్ళలో పనికి కుదిరి, కూడబెట్టుకున్న డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి గిటార్ కొనుక్కుంది. తీగలు మార్చుకోలేదు, ఉన్నదాన్నే తిరగేసి పట్టుకుంది. దాంతో లావు తీగలు కిందికీ సన్నవి పైకీ వచ్చాయి. వేళ్ళు తాళం చూసుకుంటే పాట బొటనవేలు పాడింది! ఆ వరసకే తరవాత 'కాటెన్ పికింగ్' అని పేరొచ్చింది. 'ఫ్రైట్ ట్రెయిన్' పాట కట్టేనాటికి పదకొండో పన్నెండో ఏళ్ళ పిల్ల.

ఆ తరవాత కథ మనకి తెలిసిందే కదా. పెళ్ళి, బిడ్డ, చర్చిలో ఇలాంటి పాటలు తగవన్న పెద్దలు. గిటార్ దశాబ్దాల పాటు మూలపడింది. వాషింగ్టన్‌లో ఓ దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన పాపని తల్లికి అప్పగించింది. ఆ తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆమె ఇంట్లోనే పనికి చేరింది, అక్కడ గోడకి వేలాడుతున్న గిటార్ మళ్ళీ చేతికొచ్చింది. మొదటి రికార్డు 1958లో, అరవై దాటాక. గ్రామీ 1985లో, తొంభై వచ్చాక. జనం గ్రామీ దగ్గర చప్పట్లు కొడతారు. నాకైతే ఇంకొకళ్ళ గోడ మీది గిటార్ వైపు చెయ్యి చాచిందే, అక్కడ గొంతు పట్టేసింది.

అదే అమెరికాలో గిటారిస్టు మేబెల్ కార్టర్‌ది ఇంకో బాణీ. బొటనవేలితో లావు తీగల మీద పాట నడిపిస్తూ మిగతా వేళ్ళతో కార్డ్ రుద్దుతుంది. 1927లో బ్రిస్టల్ ఊళ్ళో తొలి రికార్డింగుకి వెళ్ళినప్పుడు పద్ధెనిమిదేళ్ళు, నిండు చూలాలు. గిటార్ ఎక్కడ ఆనించుకుందో ఏమో తల్లి!

కెనడా గాయని జోనీ మిచెల్‌కి తొమ్మిదో ఏట పోలియో వచ్చి ఎడమచెయ్యి బలం తగ్గింది. కష్టమైన కార్డులు పట్టలేక, తీగల శ్రుతులే మార్చేసుకుంది. నీకూ ఆ దారే చెబుతున్నా. ఒకటో తీగా ఆరో తీగా ఈ నుంచి డికి దించు, రెండోది బి నుంచి ఏకి దించు. దీన్ని డాడ్‌గాడ్ అంటారు. 1960లలో ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహం వల్ల ప్రచారంలోకొచ్చింది. పేరు చూసి బెదరకు, డిని షడ్జమం అనుకుంటే వరసగా స ప స మ ప స, అంతే. ఊరికే మీటినా తంబురా పక్కన కూర్చున్నట్టుంటుంది. అందులో గాంధారం లేదు చూడు, కాబట్టి నువ్వు శంకరాభరణం ఎత్తుకున్నా ఖరహరప్రియ ఎత్తుకున్నా అడ్డు చెప్పదు.

ఇక పాట కట్టడం. బ్లూస్‌తో మొదలుపెట్టు. అందులో చరణానికి మూడే పాదాలు. మొదటిదే రెండోసారి పాడి, మూడోదాంట్లో తేల్చెయ్యాలి. మొత్తం పన్నెండు బార్లు, అంటే మన ఆదితాళంలో ఆరు ఆవర్తాలు. పాదానికి రెండు. ఒక ఆవర్తం నువ్వు పాడితే ఇంకోదాంట్లో గిటార్ ఊఁ కొడుతుంది. తీగల్ని మామూలు శ్రుతికి తెచ్చుకుని ఏ, డి, ఈ పట్టుకుంటే చాలు, ఎఫ్ మొహం చూడక్కర్లేదు. మొదటి పాదం స మీద, రెండోది మ మీద, మూడోది ప మీద ఎత్తుకుని, ఏది పాడినా చివరికి స దగ్గరికే ఇల్లు చేరాలి.

నేనొకటి కట్టాను, నవ్వకు:

కొళాయిలో నీళ్ళు రాలేదు, కొడుకు ఫోనూ రాలేదు
కొళాయిలో నీళ్ళు రాలేదు, కొడుకు ఫోనూ రాలేదు
బిందె పట్టుకు కూర్చున్నా, ఏది ముందొస్తే అది పడతా

పాడితే ఎక్కడో తేడా కొట్టింది. వారం పట్టింది పట్టుకోవడానికి. 'రాలేదు'లో చివరిది పొట్టి ఉకారం. అక్కడ రాగం తియ్యబోతే "దూ..." అని ఎవర్నో ఛీకొట్టినట్టుంది. "రాలేదే" అని మార్చాను. ఏత్వం మీద ఎంతసేపైనా నిలబడొచ్చు, పైగా పాదం ఇంకెవరితోనో చెప్పుకుంటున్నట్టయింది. మూడో పాదం 'పడతా' ముందునుంచీ బాగానే ఉంది, నోరు తెరిచి వదిలెయ్యడమే. మన మాటలు అచ్చుల మీద ముగుస్తాయని బళ్ళో ఎన్నిసార్లు చదివామో, దాని వాడకం ఇప్పుడు తెలిసింది.

ఆదివారం వస్తావుగా, గిటార్ తెచ్చుకో. ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకుని రా, కుడిచేతివి ఉంచు. మూడో పాదం దగ్గర నా బొటనవేలు ఇంకా ఆగిపోతోంది, పక్కన కూర్చుని తాళం వేద్దువుగాని.