కొండవాలు తోట: కాపు వరకు నిలువవలసిన సహాయము

శ్రీకాకుళం, విజయనగరం సీమల ఉత్తరపుటంచున, ఒడిశా సరిహద్దు వెంబడి తూర్పు కనుమలు వ్యాపించియున్నవి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట మొదలగు మండలములలో సవరలు, జాతాపులు, గదబలు తరతరములుగా నివసించుచున్నారు. ఈ కొండప్రాంతములలో అధికభాగము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది.

ఇచ్చటి పూర్వపు సేద్యము పోడు. చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు చల్లుదురు. రెండు మూడేండ్లకు సారము తగ్గగా మరియొక వాలునకు పోవుదురు. విడిచిన నేలకు తగిన విరామమున్నచో అడవి తిరిగి మొలచును. విరామము తగ్గినకొలది వానకు మన్ను కొట్టుకొనిపోయి రాయి తేలును.

దీనికి ప్రత్యామ్నాయముగా ప్రభుత్వము ప్రోత్సహించినది జీడిమామిడి తోట. చెట్టు వేళ్లు మట్టిని పట్టి నిలుపును. అయితే ఇందొక చిక్కు గలదు. పోడు ఆ యేడే తిండిగింజలిచ్చును. జీడి అంటుమొక్క మూడవ యేట కాపునకు వచ్చినను, నిండు కాపునకు ఏడెనిమిదేండ్లు పట్టును. ఈ నడిమి కాలమున పేదకుటుంబము ఏమి తినవలెను? షావుకారు వద్ద బయానా పుచ్చుకొని కాపును ముందే అమ్మివేసినచో, తోట గిరిజనునిది, ఫలము పరునిది యగును. కావున మొక్క నిచ్చుటతో సహాయము ముగియరాదు. కాపు చేతికి వచ్చు వరకు అది నిలువవలెను.

ఇట్టి సహాయమునకు మూడు అంగములు గలవు.

మొదటిది భూమిహక్కు. తనది కాని నేలలో ఎవరును పదేండ్ల చెట్టు నాటరు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండ 1959లో నిబంధన వచ్చినది; 1970 సవరణ దానిని కఠినతరము గావించినది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులోనున్న అటవీభూమిపై, కుటుంబమునకు 4 హెక్టార్లకు మించకుండ, 2006 నాటి చట్టము హక్కు కల్పించినది. ఆ పట్టా భార్యాభర్తలిద్దరి పేర నుండును. వారసులకు సంక్రమించును గాని అమ్మకమునకు వీలులేదు.

రెండవది పెట్టుబడి. సీతంపేట, పార్వతీపురములలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు మొక్కలను, సాగు సలహాలను అందించుచు వచ్చినవి. 1991లో ప్రారంభమైన గిరిజనాభివృద్ధి పథకమునకు అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి ఋణమిచ్చినది. 2003-04లో నాబార్డు నెలకొల్పిన గిరిజనాభివృద్ధి నిధి, ఎకరము తోట వేసిన కుటుంబమునకు కొన్ని సంవత్సరములపాటు తోడు నిలుచు పద్ధతిని దేశమందంతట వ్యాపింపజేసినది.

మూడవది ధర. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ చింతపండు, కొండచీపుళ్లు మొదలగు అటవీఫలసాయమును కొనుచున్నది. జీడిపిక్క విషయమున ఇంకొక మెట్టు గలదు. పిక్కను కాల్చి, పగులగొట్టి, పప్పు తీసినప్పుడే దాని విలువ పెరుగును. ఆ పనికి పలాస ప్రసిద్ధి. పిక్కగానే కొండ దిగినచో ఆ విలువ కొండవారికి దక్కదు. ఊరిలోనే శుద్ధిచేసి అమ్ముకొనుటకై 2018లో వన్‌ధన్ కేంద్రముల పథకము వచ్చినది. 20 మంది చొప్పున 15 సంఘములు, అనగా 300 మంది, కలిసి ఒక కేంద్రమగుదురు.

ఒకే పంటపై ఆధారపడుటయు ప్రమాదమే. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను, ఉద్దానములో ఏండ్లతరబడి పెంచిన జీడి, కొబ్బరి చెట్లను ఒక్క రాత్రిలో కూల్చినది.

కావున రైతు సోదరులు, సోదరీమణులు ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనవలెను.

1. మొక్కకు ముందు పట్టా చూచుకొనుడు. అందు భార్య పేరు కూడ నున్నదో లేదో సరిచూడుడు.

2. ఎనిమిది మీటర్ల ఎడమున నాటినచో ఎకరమునకు సుమారు 60 మొక్కలు పట్టును. నడుమ కంది, పసుపు, అల్లము, అనాస వేసినచో కాపు వచ్చు వరకు ఆదాయముండును.

3. వాలునకు అడ్డముగా కందకములు త్రవ్వుడు. వేసవికి ముందే తోటచుట్టు ఎండుగడ్డి తొలగించినచో నిప్పు చేరదు.

4. పూతమీద కాపు అమ్ముకొనకుడు. సంఘముగా కూడి, తూకము మీ కన్నులయెదుట వేయించి అమ్ముడు.

తోట వేయుట ఒక దినపు పని. నిలుపుట పదేండ్ల పని. ఆ పదేండ్లును ప్రభుత్వము, గ్రామము, కుటుంబము ఒకరి చేయి ఒకరు విడువకున్నచో కొండమీద మన్ను నిలుచును, మనిషియు నిలుచును.