నలభై రెండు వేల కారు ఎంతకి పడింది?

సంక్రాంతి సెలవులకి గుంటూరు వెళ్తే మా పిన్ని నా చేతిలో ఒక నోట్‌బుక్ పెట్టి, "కంప్యూటర్లు చదువుతున్నావుగా, ఇది కాస్త కూడి చెప్పు నాన్నా" అంది. అది మా బాబాయి కారు ఖర్చుల పుస్తకం. కూడటానికి రెండు నిమిషాలు పట్టింది. వచ్చిన మొత్తం తప్పని తెలియడానికి సెలవులన్నీ పట్టాయి. మన హాస్టల్లో పాత బుల్లెట్టో, పాత మారుతి 800 ఓ చవగ్గా కొని కొత్తదాన్ని చేసేద్దామని ప్లాన్లు వేసేవాళ్ళు కనీసం నలుగురు ఉన్నారు కాబట్టి, ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను. నాది మొదట్నించీ ఇంగ్లిష్ మీడియం. తెలుగులో తప్పులుంటే వదిలేయండి, లెక్కలో ఉంటే మాత్రం చెప్పండి.

కారు 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100ని లైసెన్సు మీద ముంబైలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది, పద్మిని అన్న పేరు తర్వాత పెట్టుకున్నది. మా ఇళ్ళల్లో పద్మిని అనేవాళ్ళు ఎవరూ లేరు, అందరికీ ఫియట్ కారే. ఇంజన్ 1089 సీసీ, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. మా తాతయ్య ఒక డాక్టరుగారి దగ్గర పదకొండేళ్ళు ఇలాంటి కారే నడిపాడు. సొంతానికి ఎప్పుడూ కొనలేదు. అందుకే మచిలీపట్నంలో ఒక షెడ్డులో ఇది 42,000కి ఉందని తెలియగానే బాబాయి తీసేసుకున్నాడు. తాతయ్యకి సర్‌ప్రైజ్ ఇవ్వాలని. బాబాయి లెక్కల మాస్టారు, ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

పుస్తకంలో ఉన్నవి ఇవి: కారు 42,000. లారీ మీద విజయవాడ ఆటోనగర్‌కి తేవడానికి 6,500. ఇంజన్ రీబోర్, పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పని కలిపి 46,000. టింకరింగ్ 88,000. బ్రేకులు, సస్పెన్షన్ 27,000. టైర్లు, బ్యాటరీ 19,000. మొత్తం 2,28,500. ఇంకా రంగు పడలేదు.

ఇందులో అసలు కథంతా టింకరింగ్ లైనులోనే ఉంది. మేస్త్రీ మొదట చెప్పింది 35,000. ఎనభై ఎనిమిది ఎలా అయింది?

అంబాసిడర్‌తో సహా ఇప్పటి కార్ల వరకూ చాలావాటిలాగే ఫియట్ 1100కీ కింద విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి అంచులు, లోపలి గోడలు కలిసి బరువు మోస్తాయి. అంటే బాడీయే ఎముకలు కూడా. కాబట్టి డోరు మీద తుప్పు అందం సమస్య, ఫ్లోరులో తుప్పు ప్రాణం సమస్య. రేకు తినేసిన చోట కొత్త రేకు కోసి, వంచి, వెల్డింగ్ చేయాలి. ఈ మోడల్ తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది కాబట్టి సగం రేకులు చేత్తో కొట్టి చేయాల్సినవే. పైగా వెల్డింగ్ చేయాలంటే చుట్టూ మంచి ఇనుము దొరకాలి. మేస్త్రీ ఎడమవైపు కుళ్ళిన ముక్క కోశాడు, దాని పక్కది కూడా పొడిపొడిగా రాలింది. అది కోస్తే ఇంకోటి. మనం ఒక ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే దానికి ఇంకో ఏడు కావాలని ఎర్రక్షరాలు వస్తాయి చూడండి, అచ్చం అదే, కాకపోతే ఇక్కడ అన్‌డూ లేదు.

ఇంజన్ మాత్రం అంచనా 40,000, అయింది 46,000. ఇంజన్ విప్పితే కొలతలు తెలుస్తాయి, బోరు ఎంత అరిగిందో లేత్ షాపువాడు అంకెల్లో చెప్తాడు. తుప్పుకి ఆ వీలు లేదు, కోస్తే తప్ప తెలీదు. కొనేటప్పుడు మాత్రం మనం ఇంజన్ స్టార్ట్ అవుతుందా లేదా అనే చూస్తాం. బాబాయీ అదే చూశాడు. అది స్టార్ట్ అయింది కూడా!

ఇక్కడ నాకు నవ్వు, బాధ రెండూ వచ్చే విషయం ఒకటుంది. తాతయ్యకి చివరికి తెలిసిపోయినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "బందరు గాలికి నిలబడ్డ బండి కదరా, కింద మ్యాట్ ఎత్తి చూశారా?" ఎవరూ చూడలేదు. సర్‌ప్రైజ్ కదా అని, మా ఇంట్లో ఆ కారు గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషిని అడగలేదు. తాతయ్య చెప్పినవి రాసుకున్నాను: మ్యాట్లు ఎత్తాలి, డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడాలి, బ్యాటరీ కూర్చునే పళ్ళెం చూడాలి, తలుపుల అడుగు అంచు వేలితో తడమాలి. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో నొక్కాలి. దీనికి నేను కలిపింది ఒకటే, చిన్న అయస్కాంతం. ఇనుము ఉన్నచోట అంటుకుంటుంది, రంగు కింద పుట్టీ మందంగా ఉన్నచోట అంటుకోదు. పది రూపాయల సామాను.

ఇప్పుడు పుస్తకంలో లేనివి. బాబాయి డబ్బు చీటీ పాడి తెచ్చాడు. 2 లక్షల చీటీ నాలుగో నెలలో పాడితే చేతికొచ్చింది 1,56,000. డివిడెండ్లు పోగా ఆయన మొత్తం కట్టేది 1,78,000 దాకా అవుతుంది. ఆ 22,000 కారు ఖర్చే, కానీ ఏ మెకానిక్కూ బిల్లు ఇవ్వడు కాబట్టి పుస్తకంలోకి ఎక్కలేదు. షెడ్డు అద్దె నెలకి 1,500 చొప్పున తొమ్మిది నెలలు, 13,500. ముప్ఫై ఒక్క ఆదివారాలు గుంటూరు నుంచి ఆటోనగర్‌కి, బస్సు, భోజనం కలిపి 400 లెక్కన 12,400.

ఇక కాగితాలు. ఆర్‌సీ చనిపోయిన యజమాని పేరు మీదే ఉంది. కొడుకు ముందు ఫారం 31తో తన పేరుకి మార్చుకుంటేనే బాబాయికి రాయగలడు. పైగా ఆర్‌సీ మీద ఎప్పటిదో బ్యాంకు లోను అలాగే ఉంది. అప్పు తీరి ముప్ఫై ఏళ్ళయింది, ఆ పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు, ఇంకోదాంట్లో కలిసిపోయింది. వాళ్ళ నుంచి కాగితం తెచ్చేసరికి 9,000 అయ్యాయి. పదిహేనేళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. దాని రుసుము 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. వింటేజ్ కింద రాయించుకుందామా అంటే 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటాలి, అంటే 2036. అదీ రోజువారీ తిరగడానికి పనికిరాదు.

పుస్తకంలో లేనివన్నీ కలిపితే 56,900. ఇప్పటిదాకా అయింది 2,85,400.

మిగిలినవి రంగు, కుషన్ వర్క్, వైరింగ్, అద్దాల రబ్బర్లు, క్రోమ్, రెన్యువల్, ఇన్సూరెన్స్. బాబాయి అంచనా 1,10,000. ఇంతవరకూ ఆయన అంచనాలు ఎలా నడిచాయో చూశాను. ఇంజన్, టింకరింగ్, బ్రేకులు కలిపి 90,000 అనుకున్నవి 1,61,000 అయ్యాయి, అంటే దాదాపు 1.8 రెట్లు. మిగిలినవి పైకి కనిపించే పనులు కాబట్టి అంత పెరగవని 1.4 వేశాను. 1,54,000. పూర్తయ్యేసరికి కారు 4,39,400కి పడుతుంది. కొన్న నెలలోనే విజయవాడలో రంగుతో సహా నడుస్తున్న పద్మిని 1,90,000కి వస్తే బాబాయి "అంత పెట్టి ఎవడు కొంటాడు" అన్నాడట. ఎవరో మరొకాయన తన ఆదివారాలన్నీ పోసి, ఆ నష్టాన్ని మనకి డిస్కౌంటుగా ఇస్తానంటే నవ్వామన్నమాట.

ఇక్కడితో ఆపితే "అమ్మేయండి" అని చెప్పాలి. నేనూ అదే చెప్పబోయాను. కానీ సంక్ కాస్ట్ పాఠం ప్రకారం 2,85,400 వెనక్కి రాదు, దాన్ని ఇక చూడకూడదు. ముందున్నవే చూడాలి. ఇప్పుడున్నది ఉన్నట్టు 60,000కి అడిగారు. పూర్తి చేస్తే 2,20,000 ఇస్తామన్నారు. అందులోంచి 1,54,000 తీసేస్తే 66,000. తేడా ఆరు వేలు! 1.4 బదులు 1.5 వేస్తే అది కూడా పోయి, అమ్మడమే మేలవుతుంది. అంటే నా అంచనాలోని తప్పు కంటే తేడానే చిన్నది. ఈ ప్రశ్నకి ఎక్సెల్ జవాబు చెప్పదు. ఇక బాబాయి అసలు అమ్మనే అమ్మనంటే అది వేరే లెక్క: 1,54,000 చేతి నుంచి పెట్టాలి, వచ్చే 60,000 వదులుకోవాలి. ఆ డబ్బు పిన్ని మేడ మీద గది కోసం దాచింది తప్ప ఇంకెక్కడా లేదు.

షీటంతా ప్రింట్ తీసి ఇద్దరికీ ఇచ్చాను. బాబాయి చాలాసేపు టింకరింగ్ దగ్గరే ఆగిపోయాడు. పిన్ని మాత్రం ఒక్క లైను మీద వేలు పెట్టి, "ఈ ముప్ఫై ఒక్క ఆదివారాలకి బస్సు చార్జీలేనా వేశావు?" అంది. ఇంకేం వేయాలో నాకు తెలీలేదు. బాబాయి తలెత్తి చూశాడు.

నేను హాస్టల్‌కి వచ్చేశాక ఫోన్ చేస్తే, వచ్చే ఆదివారం తాతయ్యనీ పిన్నినీ కూడా ఆటోనగర్ తీసుకెళ్తున్నానన్నాడు. రంగు సంగతి ఇంకా తేలలేదట.