ట్రాక్టరు నిలిపే చోటు గట్టిగా ఉందా?

కిస్తీల మీద ట్రాక్టరు తెచ్చుకున్న రైతు దానికి పైన రేకులు వేస్తాడు, కింద నేల సంగతి మాత్రం పట్టించుకోడు. రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో నల్లరేగడి ఎక్కువ. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే నేల ఇది. వడ్ల బస్తాలతో నిండిన ట్రాలీని రాత్రి దానిమీద వదిలితే తెల్లారేసరికి ఒక చక్రం దిగబడుతుంది. ఒక పక్కకు ఒరిగిన ట్రాలీని హైడ్రాలిక్‌తో లేపితే పల్టీ కొట్టవచ్చు. పక్కన నిలబడ్డ మనిషి ప్రాణానికే ముప్పు.

మీ నేల ఎలాంటిదో ముందు చూసుకోండి. పిడికెడు తడి మట్టిని అరచేతుల మధ్య తాడులా పేనండి. పెన్సిలంత సన్నగా వచ్చినా తెగకపోతే అది బరువు మోసే మట్టి కాదు. అలాంటి నేల మీద నేరుగా సిమెంటు గచ్చు పోయకండి. కింద మట్టి ఉబ్బి కుంగుతుంటే ఎంత మంచి సిమెంటయినా రెండు మూడు వానాకాలాల్లో పగులుతుంది.

మా సలహా మొరం. ట్రాక్టరు, ట్రాలీ కలిపి నిలపడానికి 25 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చాలు. ఒక అడుగు లోతున నల్లమట్టి తీసెయ్యండి (అది చేనుకు పనికొస్తుంది, పారేయకండి). అడుగున 3 అంగుళాలు ఇసుక పరిస్తే బురద పైకి ఎక్కదు. ఆపైన మొరాన్ని 5 అంగుళాల చొప్పున పోస్తూ, నీళ్ళు చల్లి, ట్రాక్టరుతోనే పదిసార్లు తొక్కించాలి. ఒకేసారి కుప్ప పోసి పైపైన తొక్కిస్తే లోపల గుల్లగానే ఉంటుంది. చుట్టూ నేలకన్నా అర అడుగు ఎత్తు వచ్చేదాకా నింపి, అంచులకు రాళ్ళు పేర్చండి. మొత్తం 400 ఘనపుటడుగుల మొరం పడుతుంది, అంటే సుమారు నాలుగు ట్రాలీలు. అంత ఖర్చు కష్టమనుకుంటే చక్రాలు నిలిచే చోట మూడేసి అడుగుల వెడల్పున రెండు పట్టీలు వేసుకోండి. రెండున్నర ట్రాలీలతో పని అవుతుంది.

చాలామంది మరిచేది ఒకటుంది. నల్లరేగడిలో తవ్విన గుంత నీళ్ళ తొట్టి లాంటిది, పైన మొరం పోసినా లోపల నీరు నిలుస్తుంది. అందుకే పల్లపు వైపు ఒక మూల నుంచి కాలువ తీసి నీళ్ళు బయటికి పోయే దారి ఇవ్వాలి. పైభాగానికి 10 అడుగుల వెడల్పు మీద రెండున్నర అంగుళాల వాలు చాలు. వాలు నిలువుగా కాక అడ్డంగా ఉండాలి. అలాగైతే బండి దానంతటది దొర్లదు. అయినా చక్రాలకు రాయి అడ్డం పెట్టాల్సిందే.

"ఎన్టీపీసీ బూడిద, ఓపెన్‌కాస్టు మట్టి పక్కనే ఉండగా మొరం ఎందుకు?" అని అడుగుతారు. సన్నటి బూడిద ఎండితే గాలికి లేచి ఇంట్లోకి, గొడ్ల గడ్డిలోకి చేరుతుంది. బాయిలరు అడుగున మిగిలే ముతక బూడిదయితే ఇసుకకు బదులు కింద పరవవచ్చు, పైన మొరం కప్పాలి. బావికి దగ్గరలో మాత్రం వద్దు. ఓపెన్‌కాస్టు మట్టిలో ఇసుకరాయి ముక్కలు మంచివే. పొరలు పొరలుగా ఊడే నల్లరాయిని ఏరి పారేయండి, తడికి అది పిండి అయిపోతుంది.

కింద గని నడిచిన ఊళ్ళలో నేల కుంగే వీలుంది. అక్కడ కూడా మొరమే నయం, కుంగితే మరో ట్రాలీ పోసి సరిచేసుకోవచ్చు. గచ్చు కావాలనుకునేవారు మొరం మీద ఒక వానాకాలం గడవనిచ్చి పోసుకోండి. గచ్చు మీదికి కేజీవీల్స్‌తో ఎక్కితే అంచులు లేచిపోతాయి, ముందే విప్పేయండి.

కారిన డీజిలు, ఆయిలు టైరు రబ్బరును తినేస్తాయి. కారే చోట ఇసుక చల్లి, తడిసిన ఇసుకను ఎత్తెయ్యండి. నెల రోజులు పని లేకపోతే టైర్ల కింద చెక్కలు పెట్టి, గాలి సరిచూసి, వారానికోసారి బండిని అర చుట్టు కదపండి. రొటావేటరును గాల్లో వేలాడనివ్వకుండా చెక్క మీదికి దించాలి.