అమ్మలుకు, ఒక పాత పుస్తకంతో పాటు

చీరాల

చిరంజీవి అమ్మలుకు,

నీ ఉత్తరం అందింది. క్లాసులో ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే, జవాబు తెలిసి కూడా తల దించుకుని కూర్చున్నానని రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వెళ్ళినవాణ్ణే కనక ఆ బాధ నాకు తెలుసు. కానీ రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టే పుస్తకం కొన్నానన్నావు చూడు, దాన్ని మాత్రం పక్కన పెట్టెయ్యి. మనుషులు లేని మాటలు మనసులో నిలవవు తల్లీ.

నేను ఇంటర్‌లో ఉండగా ఎవరో గొప్పదని చెబితే డికెన్స్ నవల ఒకటి తెచ్చుకున్నాను. ప్రతి మాటకూ నిఘంటువు తీసి, అర్థం పెన్సిలుతో పైన రాసుకుంటూ పది పేజీలు చదివాను. పేజీ నిండా అర్థాలే గాని, కథలో ఎవరు ఎవరో తెలియలేదు. ఇంగ్లీషు నాకు రాదని తేల్చేసుకున్నాను.

మరుసటి ఏడు మన శాఖా గ్రంథాలయంలో ఆర్.కె. నారాయణ్ రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ దొరికింది. 1935లో వచ్చిన నవల. ప్రచురణకర్తలు వరసగా తిప్పికొడితే, ఆ కాగితాల కట్టను థేమ్స్ నదిలో పారెయ్యమని ఇంగ్లండులో ఉన్న స్నేహితుడికి రాశాడట నారాయణ్. ఆ స్నేహితుడు దాన్ని రచయిత గ్రాహం గ్రీన్ చేతిలో పెట్టబట్టి మనకు దక్కింది. సోమవారం పొద్దున బడికి వెళ్ళాలంటే స్వామికి ఏడుపు. హోంవర్కు మిగిలిపోయి ఉంటుంది. ఒకచోట కడుపునొప్పితో ఉన్న బామ్మ నిమ్మకాయ తెచ్చిపెట్టమంటుంది. వీడు క్రికెట్ తొందరలో వినకుండా వెళ్ళిపోతాడు, తర్వాత బామ్మకేమైనా అయిందేమోనని లోపల్లోపల కుమిలిపోతాడు. ఆ పేజీలో నాకు తెలియని మాటలు ఉండే ఉంటాయి. ఏవో గుర్తు లేవు. మా నాయనమ్మ గుర్తొచ్చింది, కళ్ళు తుడుచుకున్నాను. చదువుతున్నది ఇంగ్లీషని మరిచిపోవడం నాకు అదే మొదటిసారి.

అందుకే చెబుతున్నాను, తెలిసిన లోకంతో మొదలుపెట్టు. బామ్మ, బడి, వీధి, ఎండ నీకు ముందే తెలుసు కాబట్టి తెలియని మాటను అవే నీకు విప్పి చెబుతాయి. లండన్ పొగమంచూ కొత్తదే, దాన్ని చెప్పే మాటా కొత్తదే అయితే దేన్ని పట్టుకుని నడుస్తావు?

ఆ తర్వాత రస్కిన్ బాండ్. ‘ది బ్లూ అంబ్రెల్లా’ ఒక్క ఆదివారంలో అయిపోతుంది. గఢ్వాల్ కొండల్లో బిన్యా అనే పిల్ల మెడలోని చిరుతపులి గోరు ఇచ్చి నీలం గొడుగు తీసుకుంటుంది. ఆ గొడుగు మీద కొట్టువాడి కన్ను పడుతుంది. వాక్యాలు పొట్టివి, తేటవి. చదివాక ఆ కొట్టువాడి మీద కోపం కన్నా జాలే మిగులుతుంది.

హెమింగ్వే ‘ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ’ నీకు మరీ ముఖ్యంగా చెప్పాలి. 84 రోజులు ఒక్క చేపా పడని క్యూబా ముసలాడి కథ. నువ్వు వాడరేవులో వేటకెళ్ళే పడవల్ని చూస్తూ పెరిగినదానివి. వట్టి చేతులతో ఒడ్డుకొచ్చినవాడి ముఖం ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇందులో మాటలు సులువే. చెప్పకుండా వదిలేసినవే ఎక్కువ, కాబట్టి నెమ్మదిగా చదువు.

షేక్‌స్పియర్‌ను కథలుగా కుదించిన పుస్తకాలు చదవడం చిన్నతనమని ఎవరైనా అంటే పట్టించుకోకు. 1920ల్లో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఆయన, బెంగాలీ పిల్లల పాఠాల్లో అరుదైన మాటలు తీసి వాడుక మాటలు పెట్టి రీడర్లు తయారుచేశాడు. మనబోటి వాళ్ళ కోసం మన ఉపఖండంలోనే పుట్టిన పద్ధతి అది. మెట్టు ఎక్కడంలో సిగ్గేముంది? మెట్టు మీదే కూర్చుండిపోకు, అంతే.

పేజీకి అయిదు మాటలకు మించి తెలియకపోతే ఆ పుస్తకాన్ని వచ్చే ఏడాదికి దాచు. అంతకు తక్కువైతే ఆగకు. కింద గీత గీసి ముందుకు పో. అదే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు నిఘంటువు తియ్యి. రాత్రిపూట ఒక పేజీ పైకి చదువు. నోటికి అలవాటైన వాక్యం క్లాసులో కూడా గొంతు దాటి వస్తుంది.

నా దగ్గరున్న ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ పార్సిల్ చేశాను. అంచులు కాస్త చిరిగాయి, జాగ్రత్త. చివర్లో స్వామి ఒక పుస్తకం పట్టుకుని రైల్వే స్టేషనుకు పరుగెత్తుతాడు, ఊరు విడిచిపోతున్న స్నేహితుడికి ఇవ్వడానికి. ఆ పుస్తకం అతని చేతికి చేరిందో లేదో నేను చెప్పను. చదివి నువ్వే నాకు రాయి. తెలుగులోనే రాయి.

మీ తాతయ్య