పాడుకోవడానికి వీలుగా అచ్చెయ్యి

వెలిగండ్ల

ఒరే చిన్నా,

నువ్వు పంపిన నమూనా సంచిక అందింది. కందులు కొట్టించే హడావిడిలో ఉన్న మీ నాన్న కవరు నా చేతికిచ్చి చేలోకి వెళ్లిపోయాడు. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు మాత్రం రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందు నుంచి లేవడం లేదని మీ చెల్లి చెప్పింది. పత్రిక ఈ నెల కాకపోతే వచ్చే నెల వస్తుంది, కళ్లు పాడైతే తిరిగి రావు. మొహం ముడుచుకోకు. నీ మీద కాకపోతే ఇంకెవరి మీద కోప్పడతాను?

కాలేజీ పిల్లల కోసం తెలుగులో ఒక సంగీత పత్రిక తేవాలని మీ నలుగురికీ తోచిందే, అదే నాకు పండగ. అందుకే పేజీ పేజీ చూసి రాస్తున్నాను.

అట్ట మీద పొగ, గిటారు, సగం కనపడే మొహం. కంటికి బాగుంది. కానీ పత్రిక పేరు అడుగున, ఏటవాలుగా, పొగలో కలిసిపోయి ఉంది. కనిగిరి బస్టాండులో పత్రికల బంకు గుర్తుందా? ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చి, పైన నాలుగు వేళ్ల మేర మాత్రం కనపడేలా పెడతారు. అడుగున వేసిన పేరు ఎవరికి కనపడుతుంది? పేరు పైకి తీసుకురా.

మన పక్కింటి ఇంటర్ పిల్లకు నీ సంచిక ఇచ్చి, ఏమీ చెప్పకుండా చూస్తూ కూచున్నాను. అట్ట ఒక్క క్షణం చూసింది. వెంటనే వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఇంటర్వ్యూ దాటేసింది, హెడ్‌ఫోన్ల పేజీ దాటేసింది, పాట ఉన్న పేజీ దగ్గర ఆగింది. పెదవులు కదిలాయిరా చిన్నా! లోపల పాడుకుంటోంది. మూడో లైనుకొచ్చేసరికి తడబడింది, వేలు పెట్టి వెతుక్కుంది, పుస్తకం మూసి ఫోను తీసింది. ఆ పేజీ నేనూ చూశాను. నల్లటి నేల మీద ఎర్రటి అక్షరాలు. పై లైను వత్తులు కింది లైను గుడుల మీదికి దిగి కూచున్నాయి. చరణం సగంలో విరిగి పక్క కాలమ్‌లోకి పోయింది. తెలుగుకు పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, ఒక్కోసారి ఆ వత్తు కింద ఇంకో వత్తు కూడా. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో రామభద్ర శీర్షికలకు దిట్టంగా నప్పుతుంది. పాట మాటలకు మాత్రం అంత లావు వద్దు, మండలి లాంటిది వేసి లైన్ల మధ్య ఎడం బాగా పెంచు.

నువ్వు పుట్టకముందు సంగతి చెబుతాను. తిరునాళ్లలో గాజుల కొట్ల పక్కన పాటల పుస్తకాలు పరిచి అమ్మేవాళ్లు. సినిమాహాలు దగ్గరా దొరికేవి. 1932లో మన సినిమాకు మాట వచ్చింది, ఆ వెనకే పాటల పుస్తకమూ వచ్చింది. చౌక కాగితం, అట్ట మీద ఒక్క రంగు. కథ సగం దాకా చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమనేవాళ్లు. లోపల పాట వేసిన తీరు ఎంత తెలివైందో ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. పల్లవి విడిగా. చరణం అయ్యాక పల్లవి మొత్తం మళ్లీ వెయ్యరు, మొదటి మాట ఒక్కటే రెండు నిలువు గీతల మధ్య పెడతారు. యుగళగీతమైతే ‘ఆమె’, ‘అతడు’ అని పక్కన గుర్తు. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో పేజీయే చెప్పేది. మేం ఆడపిల్లలం ఆ పుస్తకం చుట్టూ చేరి వంతులేసుకుని పాడేవాళ్లం. ఆ ఆకర్షణ రంగుది కాదు. ఆ పుస్తకం పాటను మా చేతికి ఇచ్చింది, అదీ అసలు సంగతి.

ఇంగ్లండులోనూ ఇదే కథ. 1978లో నిక్ లోగన్ అనే ఆయన ‘స్మాష్ హిట్స్’ మొదలుపెట్టాడు. అప్పుడు మోగుతున్న పాటల మాటలు పూర్తిగా అచ్చు వేసి, పక్కన గాయకుల రంగు బొమ్మలు వేశాడు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు ఎగబడి కొన్నారు. పాటల మాటలూ బొమ్మలూ టీవీలోకీ నెట్‌లోకీ వచ్చేశాక ఆ పత్రిక 2006లో ఆగిపోయింది. కాబట్టి చిన్నా, ఫోనులో ఎలాగూ దొరికేదాన్నే కాగితం మీద మళ్లీ వేసి లాభం లేదు. కాగితంతో పిల్లలు చేసుకోగలిగే పని ఒకటి ఉండాలి. పాడుకోవాలి, చించి అంటించుకోవాలి, దాచుకోవాలి.

అంటించుకోవడమంటే గుర్తొచ్చింది. 1976లో ‘సితార’ సినిమా పత్రిక వచ్చాక హాస్టల్లో ఏ రేకు పెట్టె మూత ఎత్తినా లోపల ఒక తార బొమ్మ ఉండేది, అన్నం మెతుకులతో అంటించి. ఆ రోజుల్లో కలకత్తా నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రిక ‘జూనియర్ స్టేట్స్‌మన్’ కూడా మధ్య పేజీల్లో పెద్ద బొమ్మలు వేసేది. నువ్వు మధ్య పేజీల్లో ప్రకటన వేశావు. డబ్బు కావాలి, కాదనను. కానీ పిన్ను విప్పితే చేతికొచ్చే ఆ రెండు పేజీలే పిల్లలు గోడ కోసం ఎదురుచూసేవి. ప్రకటన చివరి అట్ట మీదికి మార్చు. అక్కడ ధర కూడా ఎక్కువ పలుకుతుంది.

మనూళ్లో కోలాటం నేర్పే గురువు నోటుపుస్తకం ఈసారి వచ్చినప్పుడు అడిగి చూడు. పల్లవి ఎర్ర సిరా, చరణం నీలం. అడుగు మారే చోట మార్జిన్లో చిన్న గీత, ఆట తీరు, అదే కోపు, మారే చోట చుక్క. చదువు అంతంతమాత్రం ఉన్న పిల్లలు కూడా దాన్ని చూసి తప్పకుండా ఆడేస్తారు. నీ జానపద పాట పేజీకి ఇంతకన్నా మంచి నమూనా ఏ దేశంలోనూ దొరకదు. కావాలంటే పక్కనే క్యూఆర్ కోడ్ వెయ్యి, డప్పు దెబ్బ ఫోనులో వింటారు. దాన్ని మడత మీద పడనివ్వకు.

బళ్లో గోడపత్రిక నడిపిన రోజుల్లో నేనూ పొరపాటు చేశాను. పాట చుట్టూ లతలు, పూలు గీయించి, అందం కోసం పాటను మూలకు నెట్టాను. పిల్లలు పూలు చూసి పోయారు, పాట ఎవరూ రాసుకోలేదు. నీ పొగ బొమ్మలు చూసినప్పుడు అదే భయమేసింది.

ఇంకో మాట. ‘హాసం’ పేరు విన్నావా? 2001లో హైదరాబాదు నుంచి వచ్చింది. వరప్రసాద్ రెడ్డి గారి పూనిక, ఎమ్బీయస్ ప్రసాద్ గారి నిర్వహణ, రాజా గారి సంపాదకత్వం. హాస్యం, సంగీతం రెంటికే ఒక పత్రిక. పాట వెనక రాగం, రాసినవారు, కట్టినవారు అన్నీ వివరంగా ఉండేవి. నేను ప్రాణంగా చదివాను. మూడేళ్లకే ఆగిపోయింది. పాత సంచికలు దొరికితే సంపాదించు, మీ తరం అలా రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించు.

నీ సంచికలో పాట రాసినవారి పేరు ఎక్కడుందో భూతద్దం పెట్టినా దొరకలేదు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, డప్పు కొట్టినవారి పేర్లు కూడా పాట కిందే, పాట అంత సైజులో ఉండాలి. జానపదమైతే ఏ ఊళ్లో ఎవరి దగ్గర విన్నారో రాయండి, వాళ్లను అడిగి. ఆ పేర్లు చూసే రేపు ఏ పిల్లో పిల్లాడో నేనూ రాస్తానంటారు.

ఇన్ని వంకలు పెట్టానని నీరసపడకు నాయనా. ఆ ఇంటర్వ్యూలో నువ్వు అడిగిన ప్రశ్నలు చాలా బాగున్నాయి, రెండుసార్లు చదివాను. పాట పేజీ మార్చి మళ్లీ పంపు, రంగులు లేకపోయినా సరే. పక్కింటి పిల్లనూ కోలాటం పిల్లలనూ కూచోబెట్టి పాడిస్తాను, ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి తిరిగి పంపిస్తాను. అచ్చు ఖర్చుకు తక్కువైతే మీ నాన్నను కాదు, నన్నడుగు. వేళకు తిను.

ఇట్లు,
మీ అత్త