నది ఒడ్డున దొరికిన ఎముక

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతిలో కనిపించిన ఒక అపరిచిత వస్తువును ఏ క్రమంలో పరిశీలించి గుర్తించాలో తెలుపడం, ప్రాణహిత - గోదావరి లోయలోని ప్రాచీన జీవసంపదను పరిచయం చేయడం, ఆధారాలు లభించేవరకు తీర్పును నిలిపి ఉంచే శాస్త్రీయ దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ: వ్యాసం

పాఠం

హర్షుని 'నాగానందం' నాటకంలో జీమూతవాహనుడు సముద్రతీరాన విహరిస్తూ దూరంగా తెల్లని శిఖరాలను చూస్తాడు. శరత్కాల మేఘాలు కప్పిన మలయపర్వత సానువులని భావిస్తాడు. అవి కొండలు కావనీ, గరుత్మంతుడు భక్షించిన నాగుల ఎముకల గుట్టలనీ వెంట ఉన్న మిత్రావసువు తెలుపుతాడు. ఆ ఒక్క మాటతో కథ మలుపు తిరుగుతుంది. కంటికి కనిపించినది ఏమిటో యథార్థంగా తెలిసిన తరువాతనే జీమూతవాహనునికి తన కర్తవ్యం బోధపడింది. ఎముకను చూడడం వేరు, అది ఎవరిదో తెలుసుకోవడం వేరు.

మానవుడు తనకు అంతుపట్టని పెద్ద వస్తువును దేవతలకో, రాక్షసులకో ఆపాదించడం అనాదిగా ఉన్నదే. ప్రాచీన బృహత్ శిలాసమాధులను మన పల్లెలలో 'రాక్షసగుళ్ళు' అన్నారు. డైనోసారు అనే మాటకు మనం కల్పించుకొన్న పేరు కూడా 'రాక్షసబల్లి'యే. ఈ పేర్లలో ఆశ్చర్యం ఉన్నది, సమాధానం లేదు. సమాధానం కావాలంటే ఒక పద్ధతి కావాలి.

ఏటా వరదలు వచ్చినప్పుడు నది తన ఒడ్డును కొంత కోసివేస్తుంది. పొరలలో పూడిపోయినవి అప్పుడు బయటపడతాయి. అలా బయటపడినదానిని చూచినప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న, 'ఇది ఎముకయేనా?' అన్నది. నీటి ఒరపిడికి నునుపు తేలిన రాయి ఎముక వలె కనిపించవచ్చు. శిలగా మారిన చెట్టు మాను కూడా అలాగే భ్రమింపజేయవచ్చు. విరిగిన కొనను చూస్తే భేదం తెలుస్తుంది. ఎముకకు వెలుపల దట్టమైన పొర, లోపల తేనెపట్టును తలపించే సూక్ష్మరంధ్రాల అమరిక ఉంటాయి. పొడవైన ఎముకలలో మజ్జ నిలిచే బోలుభాగం కూడా ఉండవచ్చు. మానులో దారువు పోగులు కనిపిస్తాయి. ఉత్త రాతిలో ఇవేవీ ఉండవు.

రెండవ ప్రశ్న, 'ఇది ఇటీవలిదా, శిలాజమా?' అన్నది. భూమిలో దీర్ఘకాలం ఉన్న ఎముక రంధ్రాలలో ఖనిజ పదార్థాలు చేరి, అది రాయి వలె బరువెక్కుతుంది. అయితే రంగును మాత్రం నమ్మరాదు. బురదలో కొంతకాలం నానిన నేటి గేదె ఎముక కూడా నల్లబడుతుంది. బరువు, లోపలి నిర్మాణం, దొరికిన పొర, ఈ మూడూ ఒకే సాక్ష్యం చెప్పినప్పుడే నిర్ధారణకు బలం చేకూరుతుంది.

మూడవ ప్రశ్న, 'ఇది శరీరంలో ఏ భాగానిది?' అన్నది. జంతువు పేరు చెప్పడానికి ముందు ఎముక పేరు చెప్పగలగాలి. బంతి వంటి తల ఉన్నది తొడఎముక కావచ్చు. వెన్నుపాము సాగిపోయే రంధ్రం ఉన్నది వెన్నుపూస. ఆవు, గేదె, మేక వంటి చీలిన గిట్టల జంతువులలో పాదానికి పైన ఉండే పొడవైన ఎముక నిజానికి రెండు ఎముకల కలయిక. దాని కింది కొన రెండు గిలకల వలె చీలి ఉంటుంది. గుర్రానికి ఆ చోట ఒకే గిలక. పక్షుల పొడవైన ఎముకలు పలుచని గోడలతో బోలుగా ఉంటాయి. లేత వయసు జంతువులలో ఎముక కొనలు నడిమి భాగంతో పూర్తిగా అతుక్కొని ఉండవు. ఈ గుర్తులను తెలిసిన అస్థిపంజరాలతో పోల్చి చూచినప్పుడే జంతువు తెలుస్తుంది.

ఈ పద్ధతి ఫలించిన గొప్ప ఉదాహరణ మన గోదావరి లోయలోనే ఉన్నది. వార్ధా, వైన్‌గంగల సంగమంతో ఏర్పడిన ప్రాణహిత తెలంగాణ, మహారాష్ట్రల సరిహద్దుగా ప్రవహించి కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై లండన్ నుండి వచ్చిన పమేలా రాబిన్సన్ ఆ సంస్థలో భూవిజ్ఞాన పరిశోధనకు పునాది వేశారు. ఆ పరిశోధకులు ఈ లోయలో పోచంపల్లి అనే గ్రామ సమీపాన, కోట శిలాస్తరాలలో పెద్ద ఎముకలను కనుగొన్నారు. ఇది చేనేతకు పేరుపొందిన పోచంపల్లి కాదు. 1960, 1961 సంవత్సరాలలో అధిక భాగం ఎముకలను వెలికితీశారు.

అక్కడ లభించిన ఒక తొడఎముక పొడవు సుమారు 1.7 మీటర్లు, అంటే ఒక మనిషి నిలువెత్తు. 'పెద్ద కాలు' అనే అర్థంలో 'బరా', 'పా' అనే దేశీయ పదాలను కలిపి ఆ జంతువుకు పేరు పెట్టారు. 1961 రవీంద్రనాథ టాగూరు శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరును జోడించారు. 'బరాపాసారస్ టాగోరీ' అన్న పేరు 1975లో శాస్త్రలోకానికి ప్రకటితమైంది. తవ్వకానికీ నామకరణానికీ నడుమ దాదాపు పద్నాలుగు సంవత్సరాలు గడిచాయి! కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలను శుభ్రపరచి, అతికి, పోల్చి చూడవలసి వచ్చింది. కపాలం దొరకలేదు. దొరికిన కొద్దిపాటి దంతాలు చెంచా ఆకారంలో ఉండడం అది శాకాహారి అని సూచించింది. ఎముకలతో పాటు పెద్ద చెట్ల మానులు శిలలై కనిపించాయి. ఒక మహావరద ఆ మందనూ, చెట్లనూ కలిపి ఈడ్చుకొనివచ్చి ఉండవచ్చునని పరిశోధకులు ఊహించారు. ఎముకలను మాత్రమే ఏరుకొని పోయి ఉంటే ఈ వరద కథ మనకు తెలిసేది కాదు.

అనంతర కాలంలో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు యామన్‌పల్లి గ్రామ సమీపాన మరొక శాకాహారి అయిన రాక్షసబల్లి అవశేషాలను వెలికితీశారు. పి. యాదగిరి 1988లో దానిని వర్ణించి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లె పేరు ఆ విధంగా ప్రపంచ శాస్త్రగ్రంథాలలో చేరింది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు.

ఇదే లోయ ఒక హెచ్చరికను కూడా అందించింది. మలేరి గ్రామ పరిసరాలలోని ఎర్రమట్టి పొరల నుండి 19వ శతాబ్దంలో సేకరించిన కొన్ని ముక్కలకు 1885లో రిచర్డ్ లిడెక్కర్ 'పారాసూకస్ హిస్లోపీ' అనే పేరును స్థిరపరిచాడు. ఆ ముక్కలన్నీ ఒకే జాతివి కావని తరువాత తేలింది. మూతి భాగం మొసలిని పోలిన సరీసృపానిది. కపాలపు అడుగుభాగం వేరొక శాకాహార సరీసృపానిది. ముక్కలు విడివిడిగా చేతికి వచ్చినప్పుడు గొప్ప పండితునికైనా ఈ చిక్కు తప్పదు. తరువాతి కాలంలో అదే పొరలలో ఆ మొసలి వంటి జంతువు అస్థిపంజరాలు రెండు, ఎముకల అమరిక చెదరకుండా లభించాయి. వాటి ఉదరభాగంలో చిన్న సరీసృపాల ఎముకలు ఉన్నాయి. అవి ఆ జంతువుల చివరి ఆహారం! ఆ చిన్న జీవికి 1980లో శంకర్ చటర్జీ 'మలేరిసారస్ రాబిన్సొనే' అని పేరు పెట్టి, పమేలా రాబిన్సన్‌ను గౌరవించారు. ఆ చిన్న ఎముకలను ఎవరైనా ప్రత్యేకంగా ఏరి తీసికొనిపోయి ఉంటే, ఏది ఏ జంతువుకు ఆహారమైందో తెలిపే సాక్ష్యం ఏనాటికీ మిగిలేది కాదు.

కనుక ఎముక విలువ ఎముకలో మాత్రమే లేదు. అది ఉన్న చోటులో ఉన్నది. ఇసుకమీద విడిగా పడి ఉన్నది ఎగువన ఎక్కడినుండో కొట్టుకొనివచ్చి ఉండవచ్చు. అరిగిన అంచులు ఆ ప్రయాణానికి గుర్తులు. ఒడ్డు పొరలో పాతుకొని ఉన్నది తన కాలాన్ని తానే చెప్పగలదు. నిపుణులు అటువంటి ఎముకను పెకలించే ముందు కొలతలు తీస్తారు, చిత్రాలు గీస్తారు, గోనెగుడ్డ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లతో కట్టుకట్టి కదలిస్తారు.

విద్యార్థులారా! నదీతీరంలో మీకు ఎముక వంటిది కనిపిస్తే దానిని పెకలించకండి, కడగకండి, పగులగొట్టి చూడకండి. పక్కన ఒక స్కేలు ఉంచి ఛాయాచిత్రం తీయండి. చోటును, తేదీని, అది పొరలో ఉన్నదా ఇసుకపై ఉన్నదా అన్న విషయాన్ని రాసుకోండి. శిలాజమని తోస్తే కళాశాల అధ్యాపకుల ద్వారా జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికి తెలియజేయండి. మానవ అస్థిక కావచ్చునన్న అనుమానం కలిగితే తాకకుండా వెంటనే పోలీసులకు తెలపండి. అది ఒక కుటుంబం ఎదురుచూస్తున్న సమాధానం కావచ్చు.

'తెలియదు' అనడం అజ్ఞానం కాదు. తెలియనిదానికి తొందరపడి పేరు పెట్టడమే అజ్ఞానం. కోట్ల సంవత్సరాలు భూమి భద్రపరచిన సాక్ష్యాన్ని, తెలిసినవారు వచ్చేవరకు మరికొన్ని దినాలు భద్రపరచడం మన కర్తవ్యం.

అర్థాలు

సానువు = కొండచరియ
దారువు = కొయ్య
మజ్జ = ఎముక లోపలి మెత్తని పదార్థం
స్తరం = పొర
అస్థిక = ఎముక
అవశేషం = మిగిలినది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. అపరిచితమైన ఎముకను గుర్తించే క్రమాన్ని ప్రాణహిత - గోదావరి లోయ ఉదాహరణలతో వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బరాపాసారస్ నామకరణాన్ని గురించి రాయండి.
2. 'ఎముక విలువ అది ఉన్న చోటులో ఉన్నది.' ఈ వాక్యాన్ని సమర్థించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ప్రాణహిత గోదావరిలో ఎక్కడ కలుస్తుంది?
2. కోటసారస్‌కు పేరు పెట్టినది ఎవరు?
3. శిలాజ నిర్ధారణలో రంగును ఎందుకు నమ్మరాదు?

ఈ) భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు రాయండి: శాకాహారం, ప్రత్యేకం
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: నదీతీరం, అస్థిపంజరం